అటుపక్క పిల్ల

నవ్వుకుంటే నవ్వుకోండి. గుణదల మేరీమాత కొండ మీద మోకరించి చెప్పమన్నా ఇదే చెబుతాను... ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు.

మా చెల్లెలు జ్యోతికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి కంకిపాడులో మా అమ్మ ఇంటికి తీసుకొచ్చాం. పిల్ల ఏడవదు. పాలు సరిగా తాగదు. మొహం కదలదు. అమ్మకేమో ఒకటే మురిపెం. "ఎంత బుద్ధిమంతురాలో... పైకి అనకండే, దిష్టి తగులుద్ది," అని బుగ్గన చుక్క పెట్టింది.

జ్యోతికి కడుపుతో ఉన్నప్పటి నుంచీ పొద్దుగూకేసరికి రెప్పలు వాలిపోయేవి. నిద్రమొహమని ఏడిపించేవాళ్ళం.

ఆ రాత్రి తల్లీబిడ్డల మంచం పక్కనే నేను కింద పడుకున్నాను. ఫ్యాను కిర్... కిర్... మంటోంది. జ్యోతి గొంతు ముక్కులోంచి వచ్చినట్టు వినపడింది.

"అక్కా... ఇద్దరున్నారేంటే?"

"పడుకోవే," అన్నాను.

మళ్ళీ...

"ఇటుపక్కది ఊరికే చూస్తా ఉంది. అటుపక్క పిల్ల ఏడుస్తందే అక్కా... గుక్కపట్టి ఏడుస్తంది."

నాకేమీ వినపడలేదు. నిజం... చిన్న మూలుగు కూడా లేదు. అయినా లేచి ఫోన్ లైటు వేశాను.

మంచం మీద ఒక్కతే పిల్ల. నోరు తెరుచుకుని ఉంది. పెదవి చివర పాలు నిలిచి ఉన్నాయి. పెదాలు... నీలంగా ఉన్నాయి. ఎత్తుకుంటే తడిబట్టలా చేతుల మీద వాలిపోయింది.

మా మరిది, జ్యోతి మొగుడు, విజయవాడ ఆసుపత్రిదాకా కారు ఎలా నడిపాడో తెలియదు. వెనక సీట్లో జ్యోతి నా భుజం పట్టుకుని కూర్చుంది. ఊపిరి తగులుతోందా లేదా అని, బెంజ్ సర్కిల్ దాటేదాకా నా చెంప పిల్ల ముక్కు దగ్గరే పెట్టి ఉంచాను.

పిల్లకు గొట్టం వేశాక డాక్టరుగారు జ్యోతిని పైకి చూడమన్నారు. చూస్తుండగానే రెప్పలు జారిపోయాయి.

"జబ్బు తల్లిదమ్మా. మయస్థీనియా అంటారు. నరాల నుంచి కండరాలకి కబురు సరిగా అందదు. తల్లి రక్తంలో ఉన్న ఆ దోషమే కడుపులో బిడ్డకీ చేరింది. బిడ్డకి కొన్ని వారాల్లో తగ్గిపోద్ది. తల్లికి మాత్రం మందులు వాడాలి."

ఒక మనిషి ఇద్దరుగా కనపడటం కూడా ఆ జబ్బేనట. హమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ ఏదో తట్టి అడిగాను.

"రెండుగా కనపడితే... రెండూ ఒకేలా ఉండాలి కదండీ?"

"ఉండాలమ్మా," అన్నారు.

ఇప్పుడు మా పిల్ల వీధంతా వినపడేలా ఏడుస్తుంది. మందులతో జ్యోతి చూపు కూడా బాగుపడింది. ఆ రాత్రి అన్నది మగతలో మాటో, తల్లి మనసుకి తోచిందో... నాకు తెలియదు. ఆ ఏడ్చిందెవరో గానీ, ఏడవకపోతే మాకు పిల్ల దక్కేది కాదు, అంతవరకే తెలుసు.

కానీ ఒకటి గమనించాను. పిల్ల ఏడవగానే జ్యోతి ముందు మంచానికి అటుపక్క చూస్తుంది... ఖాళీ వైపు. కాసేపు అలా చూశాకే పిల్లని ఎత్తుకుంటుంది.

ఎవరున్నారే అక్కడ, అని అడగాలనుంటుంది. ఇంతవరకూ అడగలేదు.