ఇద్దరు కొట్టుకుంటే ఒక్కరికే టీసీ

గల్ఫ్ దేశంలో ఉన్నప్పుడు, మంగఫ్‌లో మా పక్క ఫ్లాటులో కడప నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆయన కంపెనీ బస్సు నడిపేవాడు. ఆమె ఇంట్లోనే బట్టలు కుట్టేది. వాళ్ళ పాప మా అబ్బాయి చదివే బళ్ళోనే ఏడో తరగతి. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చి మా గుమ్మంలోనే కూలబడింది.

"అక్కా, పాపకు టీసీ ఇచ్చేస్తామంటాండారు. రేపట్నుంచి పంపొద్దంట."

బడి బస్సులో ఒక తెల్లటి పిల్ల ఆ పాపను రోజూ "కాలీ", అంటే నల్లది, అని ఏడిపించేదట. పక్కన కూర్చుంటే రంగు అంటుకుంటుందనేదట. ముందురోజు జడ పట్టి లాగితే పాప తోసేసింది. దెబ్బలు ఇద్దరికీ తగిలాయి. ఆ తెల్లపిల్ల మర్నాడు మామూలుగానే బడికి వెళ్ళింది.

"గమ్మునుండు, ఈడ ఉండనిచ్చే ఇఖామాకు ఏమన్నా అయితే ఊరికి పోవాల్సొస్తాదంటాడు మా ఆయన," అంది.

"బడికి ఒక్కదానివే వెళ్ళకు. మేమూ వస్తాం," అన్నాను.

బస్సు దగ్గర కలిసే తల్లులతో మాట్లాడాను. ఒక సూడాన్ ఆవిడ నా మాట పూర్తికాకముందే తలూపింది. క్లాసులో ఎదురు మాట్లాడిందని వాళ్ళమ్మాయిని పదేపదే ఇంటికి పంపేవారట. అక్కడ సెలవు శుక్ర, శనివారాలే. ఆదివారం పొద్దున్నే నలుగురం బడికి వెళ్ళాం.

"ఇది ప్రవర్తన సమస్య. రంగుతో సంబంధం లేదు," అన్నాడు ప్రిన్సిపాల్.

నేను అడిగేశాను. "పోయినేడు మా వాడు ఒక పిల్లాడి పన్ను ఊడగొట్టాడండీ. మీరు నాకు టీ ఇప్పించి, పిల్లలన్నాక కొట్టుకుంటారన్నారు. మా వాడు తెల్లగా ఉంటాడు. ఈ పాపకి ఆ మాట ఎందుకు అనలేదు?"

అప్పుడు పాప తల్లి వచ్చీరాని హిందీలో అంది. "సార్, ఏం జరిగిందని నా బిడ్డనొక్కసారి అడగండి. ఇంతవరకూ ఎవురూ అడగలా."

పాపను పిలిపించారు. తలెత్తకుండా అంతా చెప్పింది. బస్సులో ఉండే ఆయా అవునంది. టీసీ ఆగిపోయింది. ఆ రెండో పిల్ల తల్లిదండ్రులనూ పిలిపించారు.

సూడాన్ ఆవిడ కూతురికి మాత్రం మేలు జరగలేదు. పరీక్షలప్పుడు బడివాళ్ళు ఇంటికి పంపేసినందుకు అదే తరగతి మళ్ళీ చదివింది. అయినా ఆవిడ, వేరే ఎవరి పిల్లకు అలాంటి కబురొచ్చినా మాతో బయల్దేరేది. కొన్నిసార్లు మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. ఎండలో నిలబడేవాళ్ళం.