రజియా సిస్టర్ ముచ్చట్లు

మందు గాజుబుడ్డి మెడ టక్కున విరిగిన చప్పుడు వింటే ఇప్పటికీ నాకు రజియా సిస్టరే గుర్తొస్తుంది. లక్సెట్టిపేటలోని ఒక చిన్న ఆసుపత్రిలో నేను కొత్త డాక్టరుగా చేరినప్పుడు ఆమె అక్కడి హెడ్ నర్సు. సూది వేసిన ఎవరినీ వెంటనే పంపేది కాదు. అరగంట ఎదురుగా కూర్చోబెట్టుకుని ముచ్చట పెట్టేది. ఏం కూర వండినవ్, దుబాయిల ఉన్న తమ్ముడు ఫోన్ చేసిండా, ఇవే ప్రశ్నలు. నాకు ఒళ్లు మండేది. ఇది ఆసుపత్రా, రచ్చబండా అనుకునేవాణ్ణి. చదువు తలకెక్కిన రోజులవి మరి!

ఒక మధ్యాహ్నం మల్లేశ్ అనే పత్తి రైతు వచ్చాడు. పార తగిలి తెగిన కాలుకు చీము పట్టింది. యాంటీబయాటిక్ రాశాను. ముందు చర్మం కింద చుక్క వేసి చూశాం, ఏమీ కాలేదు. ధీమాగా మొత్తం మందు ఎక్కించమన్నాను. సిస్టర్ ఎప్పటిలాగే మంచం పక్కన చేరి పత్తి సంగతి అడిగింది. అతను రెండు మాటలు చెప్పి, అరచేతులు గోక్కున్నాడు. ఆమె చటుక్కున లేచింది.

"సారూ, గొంతు మారింది."

నేను అతని చొక్కా ఎత్తి చూశాను. "దద్దుర్లు లేవు కదా సిస్టర్. టెస్ట్ డోసు కూడ ఏసినం. అలర్జీ సూది, స్టెరాయిడ్ ఇద్దాం."

"అవి తర్వాత. ముందుగాల అడ్రినలిన్. నాడి చూడుండ్రి, అందుతలే."

అడ్రినలిన్ గుండెను పరుగెత్తిస్తుంది, ఏమైనా అవుతుందేమోనని నాకు చెయ్యాడలేదు. మల్లేశ్ పెదాలు ఉబ్బుతున్నాయి. నీళ్లు తాగిద్దామని అతని భార్య ఏడుస్తూ భుజాలు పట్టి లేపబోయింది.

"లేపకు చెల్లె! పండనియ్యి!" అని సిస్టర్ అతని కాళ్లు ఎత్తులో పెట్టి, ఆక్సిజన్ తగిలించి, అడ్రినలిన్ బుడ్డి మెడ టక్కున విరిచి, నింపిన సిరంజి నా చేతిలో పెట్టింది. "ఫికర్ చేసుకుంట నిలబడితే పాణం ఆగదు సారూ. తొడ పక్కన, కండల గుచ్చుండ్రి."

గుచ్చాను. సెలైన్ జోరుగా వదిలాం. కాసేపటికి నాడి వేలికి తగిలింది. "జర దూపయితుంది" అన్నాడు మల్లేశ్, నీళ్ల కోసం చూస్తూ, తన మామూలు గొంతుతో. అతని భార్య గోడకు చేరగిలబడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చినంత పనైంది.

గండం గడిచాక కేసు కాగితం మీద "అడ్రినలిన్ తక్షణమే ఇచ్చాం" అని దర్జాగా రాశాను. సిస్టర్ చదివి కాగితం నా ముందుకే తోసింది.

"తక్షణమే కాదు. నాలుగు నిమిషాలు ఆగిండ్రు. గడియారం చూసిన."

"బతికిండు కదా సిస్టర్?"

"గీయన బతికిండు. రేపు వచ్చేటాయనకు గా నాలుగు నిమిషాలు ఉంటయో, లేవో."

ఆ మాట కొట్టేసి, నిజం రాసి, సంతకం పెట్టాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఇప్పుడు కరీంనగర్‌లో అత్యవసర విభాగం నా చేతిలో ఉంది. సూది వేసిన వాళ్లను నేనూ అరగంట కూర్చోబెట్టి ముచ్చట పెడతాను, గొంతు వినడానికి. గొంతు మారి, నాడి జారితే దద్దుర్ల కోసం వెతకను. ఆ నాలుగు నిమిషాలు మళ్లీ ఏ రోగి దగ్గరా తీసుకోలేదు.