ఆగితే లాగు

నాగూర్ వలి చేతికి ఏ వస్తువు దొరికినా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఆడించి చూడందే కింద పెట్టడు. అగ్గిపెట్టె ఇవ్వండి, ఆడిస్తాడు. సెల్‌ఫోన్ ఇవ్వండి, ఆడిస్తాడు. పెళ్ళిలో తాంబూలం సంచి చేతికిస్తే, నలుగురూ చూస్తున్నారన్న ఇంగితం కూడా లేకుండా కల్యాణమండపం మెట్ల మీదే నిలబడి ఆడించి, "కొబ్బరికాయ కాదురా, స్టీలు డబ్బా" అని పక్కవాడికి చెబుతాడు. ఆ పక్కవాడు ఎప్పుడూ బాపయ్యే. ముప్పై ఏళ్ళుగా వలి పక్కన నిలబడి తల దించుకోవడం బాపయ్య వంతయింది.

ఈ జబ్బు మిరపకాయల వల్ల వచ్చింది. వలి వ్యాపారుల తరఫున ఊరూరా తిరిగి కల్లాల్లో సరుకు చూస్తాడు. ఎండిన కాయని చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు గలగలమనాలి. గలగలమంటే సరుకు ఎండినట్టు, మూగగా ఉంటే తేమ ఉన్నట్టు. నరసరావుపేట చుట్టుపక్కల ఈ విద్యలో అతన్ని మించినవాడు లేడు. అంతవరకు బాగానే ఉంది. మిరపకాయల కోసం పెట్టిన చెవిని మిరపకాయల దగ్గరే ఆపాలా, వద్దా? ఆపడు. కిరాణా కొట్లో డజను కోడిగుడ్లు తీసుకుని ఒక్కొక్కటే ఆడిస్తుంటే కొట్టువాడు దణ్ణం పెట్టి, "వలిగారూ, గుడ్డు గలగలమంటే నేనే అమ్మనండీ, మీరు దయచెయ్యండి" అన్నాడు.

బాపయ్య మనవరాలిని ఉయ్యాల్లో వేసిన రోజున ఇంకా ఘోరం జరిగింది. పిల్ల చేతిలో గిలక ఉంది. వలి వంగి పిల్లని దీవించి, అదే ఊపులో గిలక తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. మొహం వెలిగిపోయింది. "ఇంతలేదు, ఎంత మోత మోగుతోందో చూడరా" అంటూ పెరట్లోకి వెళ్ళాడు. పిల్ల ఏడుపు లంకించుకుంది. అరగంట తర్వాత గిలకని రెండు చిప్పలుగా తెచ్చి, "పూసలు, నాలుగు" అని ప్రకటించాడు. మళ్ళీ అతికించి ఇచ్చాడు కానీ, అందులో రెండే మోగాయి. మిగతా రెండు ఎక్కడికి పోయాయో బాపయ్యకి మర్నాడు తెలిసింది. కప్ప పొట్టలోకి పోయాయి.

ఆ కప్పల సంగతి చెప్పాలి. వలికీ బాపయ్యకీ మధ్య ఉన్న అసలు చుట్టరికం కొర్రమీను. సాగర్ కాలువ కట్ట పక్కన, ఒకప్పుడు కట్ట కోసం మట్టి తవ్విన గుంటలున్నాయి. కాలువకి నీళ్ళు వదిలితే అవి ఊటతో నిండుతాయి. పైన గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుంటుంది, కింద కొర్రమీను నక్కి ఉంటుంది. పైన కప్ప గెంతిందా, ఠపీమని వచ్చి మింగేస్తుంది. అందుకని గాలానికి కప్ప కట్టి, గుర్రపుడెక్క మీదికి విసిరి, గెంతుతున్నట్టు రీలు తిప్పుతూ లాక్కోవాలి. పూర్వం బతికున్న కప్పని గుచ్చేవాళ్ళు, తర్వాత బజార్లో రబ్బరు కప్పలు వచ్చాయి. వాటి తర్వాత వలి కప్పలు వచ్చాయి.

ఏప్రిల్ వచ్చేసరికి కాలువ కట్టేస్తారు. గుంటలు నెర్రెలిస్తాయి. అప్పటికి మిరపకాయలు కూడా అమ్ముడైపోయి వలి చెవులు ఖాళీగా ఉంటాయి. తక్కినవాళ్ళు గాలం కర్రలు అటకెక్కించి, రీళ్ళకి ఇంత నూనె వేసి హాయిగా నిద్రపోతారు. వలి మాత్రం వసారాలో చాప పరుచుకుని కూర్చుంటాడు. హవాయి చెప్పుని కప్ప ఆకారంలో చెక్కి, పొట్ట తొలిచి, కొక్కేలు నాచుకి తగులుకోకుండా వీపు మీదికి తిప్పి బిగిస్తాడు. వెనక కాళ్ళకి సైకిల్ ట్యూబు చీలికలు. ఇంతవరకు బాపయ్యకి ఏ అభ్యంతరమూ లేదు. అభ్యంతరమల్లా వలి భార్య రహిమున్నీసాకే.

"మా ఇంట్లో చెప్పులు జతగా పోవు సుబ్బరావమ్మా," అని ఆవిడ బాపయ్య భార్య దగ్గర మొరపెట్టుకునేది. "ఒక్కటే పోద్ది. రెండూ పోతే కొత్తవి కొనిపిచ్చుకునేదాన్ని."

రెండేళ్ళ కిందట వలి ఆ కప్పల పొట్టలో హోమియోపతి మాత్రల బుల్లి సీసాలు పెట్టి, వాటిలో మోతకి పనికొచ్చేవి పోయడం మొదలుపెట్టాడు. గురిగింజలు, సైకిల్ చక్రంలో గుండ్లు, భార్య పట్టీల మువ్వలు, చివరికి పిల్ల గిలకలో పూసలు. దగ్గితేనే చేపలు బెదిరిపోతాయని లోకమంతా చెబుతుంటే, ఈ మహానుభావుడు కప్పకి గజ్జె కట్టి నీళ్ళలోకి దించుతున్నాడు. బాపయ్య ఒళ్ళు మండిపోయింది.

"ఒరేయ్, అది కప్పా, భజన బృందమా?"

"విను. ఎంత బాగుందో విను."

"నేను చేపలు పట్టడానికొచ్చా, వినడానికి రాలా."

"నువ్వు ఆగితే లాగరా బాపయ్యా," అనేవాడు వలి. ప్రతి ఆదివారం, ప్రతి విసురుకీ అదే పాట. "ఆగితే లాగు. ఆగితే లాగు." వినీ వినీ బాపయ్యకి చెవులు చిల్లులు పడ్డాయి.

ఈ మోత పిచ్చికి సుబ్బరావమ్మ కూడా బలయింది. ఒకరోజు పత్తి నింపిన గదిని వలికి చూపించి, "అన్నయ్యా, మేం గుంటూరు వెళ్ళొస్తాం, గదికి కప్ప వేసి పో" అని చెప్పి బస్సెక్కింది. సాయంత్రం వచ్చి చూస్తే గది గొళ్ళేనికి ఆకుపచ్చటి చెప్పు కప్ప వేలాడుతోంది. అసలు తాళం కప్ప వలి ఇంట్లో చాప మీద ముక్కలై పడి ఉంది.

"లోపల ఏదో కదులుతోంది చెల్లెమ్మా, మంచి మోత. చూద్దామని విప్పా."

"మరి గది?"

"కప్ప వెయ్యమన్నావుగా, వేశా."

బాపయ్య ఆ రోజే స్నేహం తెంపుకునేవాడు. తెంపుకోలేదు. తెంపుకుంటే గుంటల దగ్గరికి బండి మీద తీసుకెళ్ళేవాడు ఉండడు. బండి తను నడపడం మానేసి ఏడాది దాటింది. నడుము నొప్పని అందరికీ చెప్పాడు. నడుము ఇనుపగుండులా ఉంది. చెడింది కళ్ళు.

నీటికాసులట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబడాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలన్నాడు డాక్టరు. ఈ సంగతి తెలిసింది సుబ్బరావమ్మ ఒక్కదానికే. ఆవిడ చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు. ముఖ్యంగా వలికి తెలియకూడదు. తెలిస్తే ఏం జరుగుతుందో బాపయ్య కళ్ళకి కట్టినట్టు ఊహించుకున్నాడు. వలి తుమ్మచెట్టు నీడన తువ్వాలు పరిచి కూర్చోబెడతాడు. ఫ్లాస్కులో టీ పోసిస్తాడు. తన గాలానికి చేప పడగానే తెచ్చి, "పట్టుకు చూడరా, ఎంతుందో" అంటాడు. దానికన్నా చావు నయమనిపించింది బాపయ్యకి. గాలం పట్టుకుని నిలబడే ఆ మూడడుగుల గట్టు ఒక్కటే అతను ఇంకా ఎవరికీ అప్పజెప్పని చోటు.

ఒకసారి జేబులో చుక్కల మందు సీసా వలి కంటపడింది. వలి సంగతి తెలిసిందే, తీసి చెవి దగ్గర ఆడించాడు.

"ఏందిరా ఇది?"

"గేదెకి. దాని కళ్ళు మసకేశాయి," అన్నాడు బాపయ్య, నోటికొచ్చింది.

వలి ఇంకోసారి ఆడించి, తిరిగి జేబులో పెట్టాడు. అప్పట్నుంచి అదో కొత్త విసుగు. కనపడితే చాలు, "గేదెకెట్టా ఉందిరా?" అంటాడు. కల్లం దగ్గర, బస్టాండులో, చావు పరామర్శకి వెళ్ళిన చోట కూడా, "గేదెకెట్టా ఉంది? చుక్కలు మానకుండా ఏస్తన్నావా?" గేదెకి నిండు నూరేళ్ళ చూపుంది. దూరాన్నుంచే వలిని చూసి పక్కకి తప్పుకునేది.

ఇక్కడ వేటలో ఒక మర్మం చెప్పాలి. నీళ్ళలో ఠపీమని చప్పుడైతే చేప కప్పని పట్టినట్టేనని లాగకూడదు. కొర్రమీను ఒక్కోసారి గురి తప్పి గుర్రపుడెక్కనే కొడుతుంది. అప్పుడు లాగితే కప్ప ఒట్టిగా గట్టుకొచ్చి పడుతుంది, చేప మళ్ళీ ఆ పూటకి లేవదు. కప్ప మాయమైందని కంటితో చూసి లాగాలి. బాపయ్యకి తిప్పలన్నీ ఆ చూడ్డం దగ్గరే. పచ్చటి ఆకుల మీద పచ్చటి కప్ప, పైగా తెల్లవారుజాము మసక. చప్పుడుకి లాగితే ఒట్టి కప్ప వచ్చేది. పోనీ వలి చెప్పాడు కదా, కాస్త ఆగుదామని మనసులో మూడు లెక్కపెట్టి లాగితే, అప్పటికి చేప కప్పని ఉమ్మేసి వెళ్ళిపోయేది. రెండేళ్ళలో బాపయ్య గాలానికి ఒక్క కొర్రమీను పడలేదు. తప్పంతా గలగలమనే కప్పలదేనని ఊరంతా చెప్పుకున్నాడు. కానీ రాత్రి పడుకున్నాక తన మనసుకి ఆ మాట చెప్పలేకపోయాడు.

దసరా వెళ్ళిన ఆదివారం, ఇదే ఆఖరు అనుకుని బయల్దేరాడు. తిరిగొచ్చేటప్పుడు గాలం కర్ర వలి చేతిలో పెట్టి, "నడుము నొప్పిరా, ఇక నా వల్ల కాదు" అనేస్తే సరి. ఆ ఒక్క మాటనీ బండి వెనక కూర్చుని దారంతా వల్లెవేసుకున్నాడు.

గట్టు మీద వలి ఎప్పటిలాగే ఒక కప్పని చెవి దగ్గర ఆడించి, మురిసిపోయి, బాపయ్య దారానికి కట్టాడు. బాపయ్య విసిరాడు. ఎక్కడో గుర్రపుడెక్క మీద గల్ గల్ మని మొదలైంది. ఇంతలో ఠపీమని చప్పుడు. మూడు లెక్కపెట్టి లాగాడు. ఒట్టి కప్ప గాల్లో తేలుతూ వచ్చి అతని భుజం మీద పడి, ఇంకోసారి గల్ మంది.

"ఆగితే లాగమన్నా గదరా," అన్నాడు వలి.

బాపయ్యకి రెండేళ్ళ కోపం ఒక్కసారిగా వచ్చింది. "నోర్ముయ్యరా. నువ్వూ నోర్ముయ్యి, నీ కప్పా నోర్ముయ్యాలి. ఆఖరి పూటైనా నన్ను ప్రశాంతంగా చేప పట్టుకోనివ్వవా? నీ మూలానే నాకు చేప పడట్లా. నీ డబ్బా ఇటు తే. మోగని కప్ప ఒక్కటైనా ఏడ్చిందేమో చూస్తా."

వలి ఇవ్వలేదు. బాపయ్య లాక్కున్నాడు. అందులో వలి తన కోసం పెట్టుకున్న కప్పలున్నాయి. ఒకదాన్ని తీసి, అలవాటు అంటుకుందేమో, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. చప్పుడు లేదు. ఇంకోటి ఆడించాడు. అదీ అంతే. డబ్బాలో ఏడు కప్పలుంటే ఏడింటినీ వరసగా ఆడించాడు. ఒక్కటీ కిక్కురుమనలేదు.

"ఏందిరా," అన్నాడు బాపయ్య మెల్లగా. "నీయన్నీ మూగవేంది?"

వలి డబ్బా వెనక్కి తీసుకుని మూత పెట్టాడు. "నాకెందుకురా మోత? నాకు కనపడతయ్ గదా."

బాపయ్య గట్టు మీద కూలబడ్డాడు.

"సుబ్బరావమ్మ చెప్పిందా?"

"చెల్లెమ్మ ఒట్టు తప్పుద్దా? గేదె కళ్ళ మందు మనిషి జేబులో పెట్టుకు తిరుగుతాడంట్రా ఎవడైనా? అంతకుముందే ఒక పొద్దున నా చెప్పు తీసి దారానికి కట్టబోయావు. కప్పనుకుని."

"మరి ముందే చెప్పి చావొచ్చుగా."

"చెబితే నాకు తెలుసని నీకు తెలిసిపోద్ది. నువ్వు గాలం పక్కన పడేసి కూర్చుంటావు. అందుకే రెండేళ్ళ నుంచి అరుస్తన్నా గదా, ఆగితే లాగరా, ఆగితే లాగరా అని."

"కాసేపు ఆగి లాగమంటన్నావనుకున్నా."

"నీ మొహం. మోత ఆగితే లాగమని. చేప గురి తప్పితే కప్ప మోగతానే ఉంటది. మింగిందా, మోత ఆగిపోద్ది. అప్పుడు లాగాలి. మూడు లెక్కపెట్టమని ఎవడు చెప్పాడ్రా నీకు? దొంగచాటుగా లెక్కపెట్టుకుంటన్నావని తెలిస్తే అప్పుడే రెండు తగిలిచ్చేవాణ్ణి."

బాపయ్యకి ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. రెండేళ్ళు. ఎన్ని హవాయి చెప్పులు, ఎన్ని మువ్వలు, ఎన్ని తిట్లు. పిల్ల గిలకలో పూసలు కూడా తన కోసమే ఊడాయి. లేచి తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఆ భజన బృందాన్ని ఇటివ్వు" అన్నాడు.

గుంటకి అవతలి పక్కకి మళ్ళీ విసిరాడు. ఈసారి కళ్ళు చికిలించలేదు, అసలు మూసేసుకున్నాడు. గల్ గల్. గల్ గల్. ఠపీమని చప్పుడైంది. లాగలేదు. గల్ గల్, మోగుతూనే ఉంది. చేప గురి తప్పింది. పక్కన వలి ఊపిరి బిగపట్టడం కూడా వినపడింది. మెల్లగా రీలు తిప్పాడు. గల్ గల్. గల్. మళ్ళీ నీళ్ళు పగిలాయి.

మోత ఆగింది.

బాపయ్య లాగాడు. కర్ర విల్లులా వంగింది. వలి వంగి బాపయ్య నడుం పట్టుకున్నాడు, ఇద్దరూ కలిసి బురదలో పడ్డారు, ముందు చేపని చూసుకుని తర్వాత లేచారు. రెండు కిలోలకి తక్కువుండదు. నల్లటి నున్నటి కొర్రమీను, నోట్లో చెప్పు ముక్క కరుచుకుని కొట్టుకుంటోంది.

వలి దాన్ని రెండు చేతులా ఎత్తాడు. ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు.

"చేపని కూడానా?" అన్నాడు బాపయ్య.

"ఉంది. లోపలే ఉంది, మోగతంది," అన్నాడు వలి తృప్తిగా.

తిరిగొచ్చేటప్పుడు బాపయ్య బండి వెనక, ఒళ్ళో చేపతో, గాలం కర్ర గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. వల్లెవేసుకున్న మాట చెప్పలేదు. నరసరావుపేట రోడ్డెక్కాక వలి తల తిప్పకుండానే అడిగాడు.

"గేదెకెట్టా ఉందిరా?"

"చూపు అంతంతమాత్రమే," అన్నాడు బాపయ్య. "చెవులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తన్నాయి."