అత్తగారి కోసం తొడుగు తీసిన జెండా

ఒక మధ్యాహ్నమంతా ఒక దేశానికి వంటాయనే రాయబారి. ఒట్టు! సరే, మరీ అంత కాదు. తను వండిపెట్టే రాయబారిగారి కారులో వెనక సీట్లో కూర్చున్నాడంతే. కానీ దారిపొడుగునా సెల్యూట్లు కొట్టిన సిపాయిలకి ఆ తేడా తెలియలేదుగా!

కారు నడిపింది దౌత్య కార్యాలయం డ్రైవరు. అల్లర్లు ముదిరి మిషన్ ఆసుపత్రి మీద రాళ్లు పడుతున్న రోజులవి. అక్కడున్న తమ దేశపు సిస్టర్లను బయటికి రప్పించాలని రాయబారిగారు పొద్దుటినుంచీ ఫోను వదల్లేదు. మంత్రిగారి ఆఫీసు పోలీసుల్ని అడగమంది. పోలీసులు సైన్యాన్ని అడగమన్నారు. సైన్యం మళ్లీ మంత్రిగారినే అడగమంది.

ఆ సిస్టర్లలో పెద్దావిడ డ్రైవరుకి అత్తగారు. సన్యాసినికి అల్లుడేంటని నవ్వకండి. ఆసుపత్రి మెట్ల మీద దొరికిన పసిగుడ్డుని పెంచి, అతనికిచ్చి పెళ్లి చేసింది ఆవిడే.

"ఫోన్లో మాట్లాడితే అమ్మ వచ్చేస్తుందా? కారు నీ చేతిలోనే ఉందిగా!" అంది భార్య. "అమ్మ లేకుండా వచ్చావో, గడప తొక్కకు."

రాయబారి కారులో ఉంటేనే ముందున్న చిన్న జెండాకి తొడుగు తీయాలి. లేనప్పుడు తీస్తే ఉద్యోగం హుళక్కి. తీయకపోతే సిపాయిలు కారుని వీధి మలుపు కూడా దాటనివ్వరు. డ్రైవరు తొడుగు తీశాడు. అయ్యగారి కోటు వంటాయనకి తగిలించాడు. పొట్ట దగ్గర బొత్తాం పట్టలేదు.

"ఎవరైనా ఏదైనా అడిగితే ఏం చెప్పను రా?"

"మొహం చిరాగ్గా పెట్టు బావా. పెద్దవాళ్లెవరూ జవాబు చెప్పరు."

ఆసుపత్రిలో కిటికీలకి అద్దాల్లేవు. మంచాలన్నీ రోగులతో సహా వరండాలోకి లాగేశారు.

"వచ్చావా అల్లుడూ! కారులో ఎంతమంది పడతారు?" అంది పెద్దావిడ.

"ఇరుక్కుంటే ఆరుగురమ్మా."

ఆవిడ మంచాల వైపు చూపించింది. "అయితే ఆ ఆరుగురు ఎవరో నువ్వే చెప్పు నాయనా. ఎక్కిస్తాను."

డ్రైవరు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. వేలు లేవలేదు.

"మీరొక్కరు రండమ్మా, చాలు. మీ అమ్మాయి పొద్దుటినుంచీ గుమ్మంలోనే నిలబడింది."

"లోపలికెళ్లి రెండు ముద్దలు తినమను దాన్ని."

బతిమాలాడు, కోప్పడ్డాడు. ఎత్తుకుపోదామనీ అనుకున్నాడు. ఆవిడ ఒక ముసలాయన కాలికి కట్టు కడుతోంది. అతను కాసేపు ఆ గుడ్డ కొస పట్టుకుని నిలబడ్డాడు. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

తిరుగుదారిలో వెనక సీట్లో మన వంటింటి రాయబారిగారు వెక్కి వెక్కి ఏడుస్తున్నా సిపాయిలు సెల్యూట్ కొడుతూనే ఉన్నారు.

సైన్యం అనుమతి ఆ వారం చివర్లో వచ్చింది. అప్పటికి ఆసుపత్రిలో ఎవరూ లేరు. ఎటు పోయారో చెప్పే నాథుడూ లేడు.

వంటాయన ఇప్పటికీ ఈ కథ ఎత్తుతాడు. తన భార్య అక్కడే ఉంటే డ్రైవరు కయ్యిమంటాడు.

"కోతలు! వీడి మాటలు నమ్ముతారేంటి? మలుపులోనే ఆపేసి వెనక్కి తోలేశారు. ఆసుపత్రి దాకా నేను వెళ్లనే లేదు. అమ్మని చూడనే లేదు."