గుర్తు పెట్టని గుమ్మం

డెబ్భైల చివర్లో జహీరాబాద్‌లో నాకు రేడియో రిపేరు దుకాణం ఉండేది. పక్క గదిలో ఒక అక్క పిండి గిర్నీ నడిపేది. భర్త పోయాక న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చి, ఆ గిర్నీ మీదే ఇద్దరు పిల్లల్ని సాకుతోంది.

ఒక ఎండాకాలం, సాయంత్రమైతే చాలు, గల్లీలోని రేడియోలన్నీ గరగరమనేవి. పాటలు లేవు, వార్తలు లేవు. అందరూ నా మీద పడ్డారు. చేతి ట్రాన్సిస్టర్ పట్టుకుని వారం పాటు గడపగడపా తిరిగాను. గరగర ఎంత గట్టిగా ఉంటే గోడ మీద అన్ని సుద్దగీతలు గీశాను. ఇప్పుడు ఫోను ఎక్కడుందో పట్టుకోవడానికి యంత్రాలకు ఇలాగే చోటుచోటునా సిగ్నల్ బలం చూపించి నేర్పుతారట. నాకు ఎవరూ నేర్పలేదు కాబట్టి గర్వం మరీ ఎక్కువ. గిర్నీకి దగ్గరయ్యే కొద్దీ గీతలు పెరిగాయి. నలుగురినీ పిలిచి వేలు పెట్టి చూపించాను.

"నా మోటరు మంచిగనే ఉన్నది తమ్మీ. జర మల్లొక్కసారి చూడు" అంది అక్క.

"రేడియో ఝూట్ చెప్పదక్కా" అన్నాను.

గది యజమాని అప్పటికప్పుడే గిర్నీ కరెంటు తీయించి, రెండు రోజుల్లో ఖాళీ చేయమన్నాడు.

ఆ సాయంత్రం దుకాణంలో రేడియో పెట్టాను. అదే గరగర. గిర్నీ ఆగినా తగ్గలేదు. ఊళ్ల నుంచి వచ్చే బ్యాటరీలకు రోజూ ఆ వేళకే ఛార్జింగ్ పెట్టేవాణ్ని. ఆ ఛార్జర్ ప్లగ్గు పీకితే గరగర ఆగిపోయింది. లోపల తీగ వదులై రవ్వలు కొడుతోంది. గల్లీ అంతా గీతలు గీసిన మొనగాణ్ని, నా గుమ్మంలో ఒక్కసారీ ట్రాన్సిస్టర్ పెట్టి చూడలేదు.

తీగ బిగించాను. మరునాడు రేడియోలు శుభ్రంగా మోగాయి, గల్లీవాళ్లు పిలిచి చాయ్ తాగించారు. పక్క గదిలో అక్క ఇంకా సామాను సర్దుతూనే ఉంది. అప్పుడు చెప్పినా అక్క ఖాళీ చేయడం ఆగిపోయేది. తెలిస్తే నా దుకాణానికి ఎవరూ రారని నోరు మూసుకున్నాను. అంత పిరికివాణ్ని.

ఏడాది తర్వాత కోహీర్ బస్సులో కలిసింది. మోటరు అమ్మేసి కూలికి పోతోంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఇప్పుడు రేడియోలు సాఫ్ వస్తున్నయా తమ్మీ?"

"వస్తున్నయక్కా."

"నాకు తెల్వక మిమ్మల్నందర్ని సతాయించిన. మనసుల పెట్టుకోకు."

"ఏం ఫికర్ చేయకక్కా" అన్నాను.