కొట్టేసిన నాలుగు

పాతికేళ్లుగా విశ్వవిద్యాలయం సమాజశాస్త్ర విభాగం తరఫున గడపగడపకూ తిరిగి ఫారాలు నింపడమే ఆవిడ ఉద్యోగం. వీధుల్లో అందరూ సర్వే అక్క అంటారు. చెప్పులు ఎన్ని అరిగినా ఆవిడ పేరు ఏ నివేదిక మీదా పడలేదు. చెల్లెలు మాత్రం ఇంట్లో కూర్చుని కథలు రాసి పేరు తెచ్చుకుంది.

ఆ ఏడాది చెల్లెలి కొత్త కథ పత్రికలో వచ్చింది. భర్త వదిలేసి పోయి ఆరేళ్లయినా, ఇంట్లో ఎంతమంది అని అడిగితే "నలుగురం" అనే ఇస్త్రీ బండావిడ కథ. అతను తిరిగొస్తాడన్న ఆశతో ఆమె రోజూ అతని కంచం కడిగి పెడుతుందట. విభాగం ప్రొఫెసరు కూడా చదివి కళ్లు తుడుచుకున్నాడు. "మన నివేదికల్లో ఇలాంటివి ఎందుకు దొరకవమ్మా?" అని సర్వే అక్కనే అడిగాడు.

ఆవిడకు ఒళ్లు భగ్గుమంది. ఆ బండావిడను చూసింది తను. భోజనాల దగ్గర చెల్లెలికి మాటవరసకు చెప్పింది తను. ఉండేది ముగ్గురేనని తేలాక ఫారంలో నాలుగు కొట్టేసి మూడు వేసిందీ తనే.

మర్నాడు పొద్దున్నే బండి దగ్గరకు వెళ్లింది. కథలో ఒక్క తప్పయినా దొరక్కపోతుందా అని ఆవిడ ఆశ.

"ఆవేళ నలుగురని ఎందుకు చెప్పావమ్మా? మీ ఆయన వస్తాడనా?"

బండావిడ ఇస్త్రీ పెట్టె ఆపకుండానే నవ్వింది. "వాడా? వస్తే ఈ పెట్టె వాడి వీపు మీదే పెడతా. మగదిక్కు లేదని తెలిస్తే ఇంటి ఓనరు ఊరుకుంటాడా అక్కా? ఏదో వంకతో తలుపు కొడతాడు. మీరు రాసుకుంటున్నప్పుడు ఆ ఓనరు మెట్ల మీదే ఉన్నాడుగా!"

సర్వే అక్కకు పట్టరాని సంతోషం. చెల్లెలు బోల్తా పడింది! ఆ సంతోషం వీధి మలుపు దాకా కూడా నిలవలేదు. చెల్లెలు ఊహించి పొరబడింది. తను ఎదురుగా నిలబడి కూడా అడగలేదు.

పాత ఫారాలు దింపి, అలా దిద్దినవి ఏరితే పంతొమ్మిది తేలాయి. ఈసారి ఓనర్లు లేని వేళ చూసుకుని ఆ ఇళ్లకు వెళ్లింది. పదకొండు మంది అదే మాట చెప్పారు. ఒకామె మాత్రం నిజంగానే భర్త కంచం తెచ్చి చూపించింది. అది రాస్తే చెల్లెలి కథ నిజమేనని ఒప్పుకున్నట్టే, ఆవిడకు చెయ్యి రాలేదు. అయినా రాసింది.

ఆ వివరాలతో వచ్చిన నివేదిక మీద తొలిసారి ఆవిడ పేరు పడింది, ప్రొఫెసరు పేరు కింద. చెల్లెలు చదివి పరుగున వచ్చింది.

"ఓనరు సంగతి నాకు తట్టనే లేదే అక్కా! నాకిచ్చేయవే, కథ తిరగరాస్తాను."

"ఇవ్వను. కావాలంటే నువ్వే వెళ్లి ఎండలో నిలబడి అడుగు."

చెల్లెలు మూతి ముడుచుకుంది. "నీకేం, నిన్ను చూస్తే అందరూ తలుపులు తీస్తారు. నన్నెవరు రానిస్తారు?"

చెల్లెలు కూడా తనను చూసి కుళ్లుకుంటోందని ఆవిడకు అప్పుడే తెలిసింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.