చుట్టాల రిజిస్టరు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టేంత పాతకాలం కాదు, పట్టుమని పదేళ్లు కూడా కాలేదు. అయినా మొదటి ఉద్యోగంనాటి నన్ను తలచుకుంటే ఎవరో తెలివితక్కువ కుర్రాడి సంగతి వింటున్నట్టే ఉంటుంది. కురవి పక్కన లంబాడీ తండా నుంచి వెళ్లి మహదేవపూర్‌లో కాంట్రాక్టు కొలువులో చేరాను. గోదావరి స్నానాలకూ, ప్రాజెక్టు పనులకూ వచ్చేవాళ్లకు రోజుల లెక్కన గదులిచ్చే ఇళ్లన్నిటినీ రిజిస్ట్రేషన్ చేయించడం నా పని. ఊళ్లో అందరూ నన్ను ఎరుగుదురు, ఎవరికీ నేను అక్కర్లేదు. (కాగితాలు పట్టుకుని గడప తొక్కేవాడికి మంచినీళ్లు కూడా అనుమానంగానే ఇస్తారు.) ఫోన్లో మా అమ్మతో మా ఇంటి భాషలో మాట్లాడే పది నిమిషాలు తప్ప రోజంతా నా నోట వచ్చేవి దరఖాస్తు మాటలే. సాయంత్రమైతే చాలు, దిగులు ముంచుకొచ్చేది.

నేను దిగింది కూడా అలాంటి ఇంట్లోనే. పిల్లాజెల్లా లేని ఒంటరి అవ్వ, రెండు గదులు కిరాయికి ఇచ్చి బతికేది. రిజిస్ట్రేషన్ కావాలంటే మూడు నెలలు వచ్చిపోయేవాళ్ల వివరాలు రాసి చూపాలి. అవ్వకు చదువు రాదు కనుక రాసేది నేనే. అందులో 'యజమానితో బంధుత్వం' అని ఒక గడి ఉంది. దానికింద 'యజమాని చెప్పిన ప్రకారం నింపవలెను' అని ఉంది. ఆ వయసులో అచ్చులో ఉన్నదల్లా నాకు వేదమే. అవ్వేమో వచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లిస్తూనే వరుస కలిపేది. "ఏ ఊరు బిడ్డా? జనగామ దిక్కా? అరె, మా ఆడిబిడ్డను ఆడికే ఇచ్చినం. ఎవలింటి పిలగానివి? గట్లైతె నువ్వు నాకు అల్లునివైతవ్!" ప్రాజెక్టు పనిమీద దిగిన ఇంజనీరు నవ్వేవాడు, నేను 'అల్లుడు' అని రాసేవాణ్ని. అలా అల్లుళ్లు, మరదళ్లు, ఒక వియ్యపురాలు, చివరికి ఒక తాత వరుస కూడా వచ్చి చేరారు.

నా ఒక్కడి గడే నిండలేదు. అవ్వ తక్కువ కష్టపడలేదు. వేళ్లు ముడుస్తూ, విప్పుతూ, మహబూబాబాద్ చుట్టూ ఉన్న ఊళ్లన్నీ తిరిగొచ్చేది. "మా ఆయన మీ దిక్కు తండల బర్రెను కొన్నడు బిడ్డా" అంది ఒకనాడు ఆశగా. అంతలో తనే నిట్టూర్చింది. "బర్రెతోని ఏం వరుస గలుస్తది గని, తండల మాకెవలు లేరు. రేపు సూద్దాం తియ్." నేను నవ్వాను. నవ్వి, గదిలోకి వెళ్లి చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాను. నిన్న దిగినవాడు అల్లుడయ్యాడు, మూణ్నెల్లుగా ఉన్న నేను మాత్రం ఏమీ కాలేదు.

తనిఖీకి భూపాలపల్లి నుంచి పెద్దసారు వచ్చాడు. రిజిస్టరు తిప్పి ముఖం చిట్లించాడు. "అందరు సుట్టాలేనాయె! సుట్టాలుండే ఇంటికి రిజిస్ట్రేషనెందుకు? అర్జీ కొట్టేస్తున్న. ఇగ బయటోళ్లను దించుకుంటె గదులకు తాళమే."

అవ్వ ముఖం పాలిపోయింది. "సారూ, కిరాయి కిరాయే, వరుస వరుసే! మనుషులు రాకపోతె నేనేం తినాలె, ఎవలతోని మాట్లాడాలె?"

"చట్టంల గట్ల లేదవ్వా." ఇంకో పేజీ తిప్పగానే సారు వేలు ఆగింది. "గీ ఖాళీ గడి ఎవనిది?"

"నాదే సార్."

"ఈమెకు నువ్వేమైతవ్?"

"ఏం కాను సార్" అన్నాను. అబద్ధం కాదు.

సారు ముఖం విప్పారింది. "ఇగో, ఒక్కడన్న పరాయోడు దొరికిండు! కిరాయి ఇల్లే!" అని అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

ఆ రోజు అవ్వ కోడికూర వండింది. "నువ్వు మాకేం గాకపోవుడే నా ఇల్లు నిలవెట్టింది బిడ్డా" అంటూ కొసరి కొసరి వడ్డించింది. ముక్క రుచిగానే ఉంది, దిగడమే కష్టమైంది.

నన్ను భూపాలపల్లికి బదిలీ చేసిన రోజు అవ్వ రిజిస్టరు తెచ్చి నా ముందు పరిచింది. ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి, "వరుస దొరకకపోతె ఏంది, ఇగ రాసుకో. మనుమడని రాసుకో" అంది. నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. "రాస్తె రిజిస్ట్రేషన్ రద్దయితదవ్వా" అన్నాను, ఎంతో బాధ్యతగా. అవ్వ రిజిస్టరు మూసి, కాళ్లకు కాదు, తాగడానికి చెంబుడు నీళ్లిచ్చి పంపింది.

ఇప్పుడు నేనే తనిఖీలకు వెళ్తుంటాను. చుట్టాలతో నిండిన రిజిస్టర్లు కనిపిస్తే ఏమీ అనకుండా సంతకం పెడతాను. అప్పుడా కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఒరే, సంతకం అయిపోయిన కాగితాన్ని మళ్లీ ఎవడు చూస్తాడురా, రాసుకోవలసింది.